అసలు పేరు అడగనివాళ్ళు

నా పేరు సెల్విన్ ట్రెలోర్. వయస్సు ఎనభై ఒకటి. బ్రిస్బేన్‌లో ఫెయిర్‌ఫీల్డ్ పేటలో, నది వైపు దిగే వీధిలో నా ఇల్లు. రైల్వే శాఖలో ఉత్తరప్రత్యుత్తరాల విభాగంలో పనిచేసి విశ్రాంతి పొందాను. నకళ్ళను అసలుతో సరిచూచి ముద్ర వేయడానికి, ప్రమాణపత్రాల మీద సాక్షి సంతకం చేయడానికి ప్రభుత్వం నాకు అధికారం ఇచ్చినది. పక్కింటిలో ఉండే కుమారి నోయెలీన్ జాయ్ క్రాట్స్‌మన్ గారిని నలభై ఒక్క సంవత్సరాలుగా ఎరుగుదును. ఇంత కాలంలో ఆమె వల్ల నాకు ఆనందం కలిగిన సందర్భం ఒక్కటి కూడా జ్ఞాపకం లేదు. ఈ వాక్యం చదివి వినిపించినప్పుడు ఆమె తీసివేయమనలేదు. "ఉంచండి. అదొక్కటైనా నిజమని నమ్ముతారు" అన్నారు.

నగరంలోని పెద్దాసుపత్రి శవాగారంలో డెస్మండ్ ఆర్థర్ ప్లమ్‌రిడ్జ్ అనే అరవై ఆరేళ్ళ మనిషి దేహం ఉన్నది. రక్తసంబంధీకులు ఎవరూ తీసుకొనకపోతే ప్రభుత్వమే ఒక గుత్తేదారు చేత, ముందూ వెనుకా ఎవరూ లేకుండా, దహనం చేయించివేస్తుంది. ఆ దేహాన్ని తనకు ఇప్పించమని కుమారి క్రాట్స్‌మన్ గారు కోరుతున్నారు. ఆమె ఆయనకు భార్య కారు, చెల్లెలు కారు. మరి ఏ సంబంధాన్ని బట్టి అడుగుతున్నారని, దిక్కులేని దేహాల దహనం చూచే తమ కార్యాలయం ప్రశ్నించినది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా ఇది వ్రాస్తున్నాను. పొడుగైనందుకు మన్నించవలెను.

కుమారి క్రాట్స్‌మన్ గారు కింగరాయ్ వద్ద వేరుసెనగ పండించే కుటుంబంలో పుట్టారు. తండ్రి చర్చి పెద్ద. పదహారో ఏట బ్రిస్బేన్ వచ్చి రొట్టెల ఫ్యాక్టరీలో చేరారు. అంతవరకు చెప్పుకోదగిన జీవితమే. ఆ ఏడాదే ఒక శనివారం మధ్యాహ్నం, నలుగురు కుర్రవాళ్ళు ఎవరిదో హాలు తీసుకుని చేస్తున్న రభసను తలుపు సందులోంచి తొంగిచూశారు. ఆ రభసకు పంక్ అని పేరు. తొంగిచూసిన మనిషి లోపలికి వెళ్ళారు. నలభై ఏడు సంవత్సరాలయినది, ఇంకా బయటికి రాలేదు.

ఆ సంగీతాన్ని వర్ణించమని ఎవరైనా అడిగితే, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడుతుండగా లోపల ఎవడో ఇంటివాణ్ణి తిడుతున్నట్లుంటుందని చెప్పగలను. మా వీధిలోని ఇళ్ళన్నీ వరద భయానికి ఎత్తైన కర్ర స్తంభాల మీద కట్టినవి. మర్యాదస్తులు ఇంటికింద బట్టలు ఆరవేసుకుంటారు. ఈమె డ్రమ్ములు పెట్టుకున్నారు. నేను పోలీసులకు పన్నెండు సార్లు పిటిషను వ్రాశాను. అన్నింటికీ నకళ్ళు నా వద్ద ఉన్నవి. ఒక్కదానికి కూడా నేను విచారించుట లేదు. ఇన్నేళ్ళ సాధన తరువాత కూడా ఆమె ఒక పాటను మొదలుపెట్టిన వేగంతో ముగించిన పాపాన పోలేదు. ఇది పక్షపాతం కాదు. మధ్యలో గోడ ఒక్కటే.

నియమాలు మాకు గిట్టవని చెప్పుకునే ఆ జనానికి ఉన్నన్ని నియమాలు మా రైల్వే శాఖలో కూడా లేవు. పెద్ద కంపెనీ దగ్గర పాట రికార్డు చేయించుకున్నవాడు వెలి. కొత్త తోలుకోటు తొడిగినవాడు వెలి. అది చినిగి, కుట్లుపడి, వానకు నాని కంపు కొట్టేవరకు వాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. పాట జరిగేటప్పుడు ఒకరినొకరు భుజాలతో గుద్దుకొనవచ్చును. కాని కిందపడినవాణ్ణి మరుక్షణమే చంకల కింద చేతులు వేసి లేపవలెను, లేపనివాడు వెలి. ఊళ్ళు తిరిగే ఏ బృందం వచ్చి తలుపు తట్టినా నేల మీద పడుకొనడానికి చోటివ్వవలెను, కుండలో ఉన్నది పెట్టవలెను. ఆ కుండలో నలభై సంవత్సరాలుగా ఉడుకుతున్నది ఒకటే, ఎర్ర కందిపప్పు, క్యారెట్టు. అది వండిన రోజు నా వరండాలో కూర్చొనుట సాధ్యం కాదు.

అన్నిటికంటె కఠినమైనది పేరు నియమం. ఆ గుంపులో చేరినవాడికి వాళ్ళే ఒక పేరు పెడతారు. ఈమె జుట్టు ఇంట్లోనే ఏదో రంగు పూసుకుని ఇటుకరాయిలా చేసుకున్నందున ఈమె 'తుప్పు' అయ్యారు. గిటారు వాయించే పొడుగాటి కుర్రవాడు ఏ ఇంట్లో అడుగుపెట్టినా అక్కడి తిండి మాయమయ్యేది గనుక వాడు 'చీడ'. ముక్కు రెండుసార్లు విరిగినవాడు 'మొండిముక్కు'. ఎప్పుడూ తడిగోడకు ఆనుకుని కూర్చునే పిల్ల 'పాచి'. పాడేవాడు 'విషం'. అటుపిమ్మట తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎవరూ చెప్పరాదు, ఎవరూ అడగరాదు.

దీనికి మొదట్లో ఒక కారణం ఉండేదని ఒప్పుకొనవలెను. ఆ రోజుల్లో ఈ రాష్ట్రంలో నలుగురు కలిసి వీధిలో నడిస్తే పోలీసులు ఆపి పేర్లడిగేవారు. ఒకణ్ణి పట్టుకుంటే మిగిలినవారి పేర్లు వాడి చేతనే చెప్పించేవారు. తెలియనిది చెప్పలేము గదా అని వీళ్ళు పేర్లు తెలుసుకొనుట మానివేశారు. ఆ ప్రభుత్వం పోయినది. ఆ పోలీసులు ముసలివారై మా వీధి చివర బౌలింగు మైదానంలో బంతులు దొర్లించుకుంటున్నారు. వీళ్ళు మాత్రం ఇంకా అడగరు. అవసరం చచ్చిపోయి ఆచారం మిగిలినది. ఆచారాలు పాటించే ముసలివాళ్ళను చూసి నవ్వుతూ మొదలైన జనం ఇది.

ముప్ఫయ్యో పడి దాటేసరికి చాలామంది మానుకున్నారు. విషం అందరికంటె ముందు మానుకున్నాడు. అతడే ఇప్పుడు ఇళ్ళు అమ్మే శ్రీ గ్రాహం టక్‌వెల్. ప్రతి మలుపులోను నవ్వుతూ బోర్డు మీద ఉండేది ఆయనే. మూడేళ్ళ క్రితం ఒక మ్యూజియంలో ఆ రోజుల గురించి ప్రదర్శన పెట్టి, కుమారి క్రాట్స్‌మన్ గారి కోటును అరువు తీసుకుని గాజుపెట్టెలో తగిలించి, ఈయన చేత ప్రారంభింపజేశారు. నా వద్ద నకలు కోసం వచ్చిన అరువు పత్రం మీద 'పంక్ సమాజపు వారసత్వ వస్తువు' అని ఉన్నది. ఆమె చూడడానికి వెళ్ళి, మడత పడిన కాలరు సరిచేయబోతే, ముట్టుకోవద్దని కాపలావాడు అన్నాడు. టక్‌వెల్ గారు వేదిక మీద "మేమంతా ఒకే కుటుంబం" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆ కుటుంబంలోని ఎవరి నేల మీదా ఆయన ముప్ఫై అయిదేళ్ళుగా పడుకొనలేదు.

మానుకొననివారు నలుగురు మిగిలారు. తుప్పు, చీడ, మొండిముక్కు, పాచి. ఫ్యాక్టరీలో రొట్టెలు, బస్సుల డిపోలో ఊడ్పు, ఆదివారం ఇంటికింద డ్రమ్ములు. తుంటి ఎముక మార్పించుకున్న మూడో నెలలో ఈమె నా కళ్ళ ముందే స్పీకరు పెట్టె మోసుకుంటూ మెట్లు దిగారు. పట్టుకొందునా అని అడిగితే, "మీరు పట్టుకుంటే పంక్ అయిపోతారు, మీకెందుకొచ్చిన బాధ?" అన్నారు.

చీడ ఈమె ఇంటికిందే ఒక చెక్కపెట్టె లాంటి గదిలో ఉండేవాడు. ఉన్నట్టుండి మాయమయ్యేవాడు, మూడు నెలలకు పాండురోగిలా తిరిగివచ్చేవాడు, ఎక్కడికి పోయావని ఎవరూ అడిగేవారు కారు. నా మామిడిచెట్టు కాయలను పెద్ద గబ్బిలాలు ఎంత తినేవో వాడూ అంతే తినేవాడు. ఈ ఏడాది ఫిబ్రవరిలో దగ్గు పట్టుకున్నది. ఒక ఉదయం "మందు తెచ్చుకుంటా" అని వెళ్ళాడు. ఆదివారం రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. ఆ సోమవారం ఉదయం కుమారి క్రాట్స్‌మన్ గారు నా వరండా మెట్ల కింద నిలబడ్డారు.

"ట్రెలోర్ గారూ, ఆసుపత్రికి నాతో రండి."

"నేనెందుకు?"

"నా మొహం చూస్తే వాళ్ళు ముందు సెక్యూరిటీని పిలుస్తారు. మీ మొహం చూస్తే లేచి నిలబడతారు. మీది ఆఫీసు మొహం."

వెళ్ళాను. విచారణ గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి మర్యాద తెలిసినది. జరిగినదానిలో ఆసుపత్రివారి తప్పేమీ లేదని ముందే వ్రాసిపెడుతున్నాను.

"పేషెంటు పేరండీ?"

"చీడ."

"అది ఇంటిపేరా?"

"మొత్తం అదే."

"పుట్టినతేదీ?"

"ఎండల్లో. కేకు ఎప్పుడూ కారిపోయేది."

"ఇంటి అడ్రసు?"

"మా ఇంటికింద."

ఆ అమ్మాయి కంప్యూటరు మీద నుంచి చేతులు తీసింది. "అమ్మా, ఆ పేరుతో ఎవరూ లేరు. ఆయన మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?"

"నలభై ఆరేళ్ళు."

అమ్మాయి నా వైపు చూచినది. నా ఆఫీసు ముఖం అక్కడ పనికిరాలేదు. తిరిగివచ్చాము. దారిలో నేను, "కుమారి క్రాట్స్‌మన్ గారూ, పెంచుకునే కుక్కకైనా మెడలో పేరు కడతారు" అన్నాను.  ఆమె తుంటి పట్టుకుని నాకంటె ముందు నడిచారు.

అప్పుడు నేను శాఖాపరమైన పద్ధతిలో ఆసుపత్రికి లేఖ వ్రాశాను. పేరు తెలియదు గనుక గుర్తులు వ్రాశాను: పొడుగరి, ఎడమచెవి తమ్మె రెండుగా చీలి ఉండును, మెడ మీద బొద్దింక పచ్చబొట్టు. జవాబు ఆ వారమే వచ్చినది. ఆ గుర్తులున్న మనిషి తమ వద్ద శవాగారంలో ఉన్నాడని, గుర్తించుటకు రావలసినదని. తేదీలు సరిచూచాను. మేము విచారణ గుమ్మం దగ్గర నిలబడినప్పుడు అతడు మూడో అంతస్తులో ప్రాణాలతోనే ఉన్నాడు. మరి రెండు రోజులకు పోయినాడు. 'కావలసినవారు' అన్న చోట ఏమీ వ్రాయలేదు. అతనికీ ఈమె పేరు తెలియదు గదా, ఏమని వ్రాయించును? ఈమె తన ఫోను నంబరు ప్రతి మూడు నెలలకు మార్చే మనిషి.

ఇంతకంటె తెలివితక్కువ చావు నా అనుభవంలో లేదు. ఒకరికోసం ఒకరు ప్రాణమిస్తామని గోడల మీద వ్రాసుకున్నవారు ఒకరి పేరొకరు తెలుసుకొనలేకపోయారు.

శవాగారంలో దుప్పటి తొలగించినప్పుడు ఆమె ముఖం వైపు చూడలేదు. మెడ వంక వంగారు. "బొద్దింక కాళ్ళు వంకరగా ఉన్నాయి చూడండి. నేనే పొడిచా, కుట్టుసూదితో. కదలొద్దురా అంటే వాడు నవ్వుతూనే ఉన్నాడు." తరువాత అక్కడి ఉద్యోగి కాగితం చూచి పేరు చదివాడు. డెస్మండ్ ఆర్థర్ ప్లమ్‌రిడ్జ్.

"డెస్మండా?" అన్నారు. "డెస్మండ్ ఆర్థరా?" ఆమె నవ్వారు. శవాగారంలో నవ్వినందుకు ఆ ఉద్యోగి ముడుచుకుపోయాడు. "ఒరేయ్ వెధవా, ముందే చెప్పుంటే జన్మంతా ఏడిపించేదాన్ని గదరా." ఆ మాట అని అక్కడే నేల మీద కూలబడ్డారు. నేను, ఆ ఉద్యోగి చెరొక చంక కింద చేతులు వేసి లేపవలసివచ్చినది. ఆ తుంటితో తానంతట తాను లేవలేరు.

దేహం ఇమ్మని అడిగితే రక్తసంబంధీకుని అనుమతి కావలెనన్నారు. టూవూంబాలో అన్న ఉన్నట్లు తేలినది. శ్రీ లయొనెల్ ప్లమ్‌రిడ్జ్. పురుగుమందుల వ్యాపారం చేసి విశ్రాంతి పొందినవారు. ఆయనతో ఫోనులో నేనే మాట్లాడాను.

"నాకు తమ్ముడు లేడండీ. వాడు చచ్చి నలభై అయిదేళ్ళయింది" అన్నారు.

"అటువంటప్పుడు ఒక్క సంతకం చేసి దేహాన్ని ఈమెకు ఇప్పించవచ్చును గదా."

"ఎవరికి? ఆ చెత్త గుంపుకా? వాళ్ళు శవాన్ని పెట్టుకుని ఊరేగుతారు. మా ఇంటిపేరు పేపరెక్కుతుంది. గవర్నమెంటు కాలుస్తుందిగా, కాల్చనివ్వండి."

"తమరు వస్తారా?"

"నేనెందుకొస్తాను? ఆ రోజు చర్చిలో నా డ్యూటీ ఉంది."

గడ్డివాము మీద కుక్క సామెత అందరూ చెప్పుకుంటారు. నేను ఫోనులో విన్నాను. నాకు పంక్ జనం మీద ఉన్నది విసుగు. ఈయన మీద కలిగినది వేరు. దానికి మర్యాదైన మాట ఏదీ అధికారిక లేఖలలో నాకు తారసపడలేదు.

అన్న అనుమతి లేనందున, మృతునితో ఈమెకు దీర్ఘకాల సంబంధం ఉన్నదని ఈమెకు బంధువులు కాని ఇద్దరు ప్రమాణపత్రాలు ఇవ్వవలెనని తమ కార్యాలయం వ్రాసినది. పరపతి గలవారైతే మంచిదని నేను సలహా ఇచ్చి, టక్‌వెల్ గారి వద్దకు ఆమెను తీసుకువెళ్ళాను. అది నా సలహాయే. ఆమె వద్దన్నారు.

గాజుగోడల ఆఫీసు. ఆయన చేతులు చాచి ఎదురువచ్చారు. "తుప్పూ! మా తుప్పే! విన్నాను, విన్నాను. మన కమ్యూనిటీకి ఎంత లోటు!"

"సంతకం పెట్టు విషం" అన్నారు ఆమె, కూర్చొనకుండానే.

"పెడతానే, ఎందుకు పెట్టను? కానీ ఊరికే ఏదో ఒక మూల పూడ్చిపెడితే ఎలా? పెద్దగా చేద్దాం. మ్యూజియం వాళ్ళతో నేను మాట్లాడతా. వీడ్కోలు కచేరీ, టీవీ వాళ్ళు, పెట్టె మీద మా కంపెనీ తరఫున పువ్వులు..."

"నీ బోర్డుల మీద నీ మొహానికి మీసాలు గీసేది ఎవరనుకున్నావ్? చీడగాడే."

"వాడా!" టక్‌వెల్ గారు ఒక్క క్షణం నవ్వడం మరిచిపోయారు. "సరే, సరే. వాడికి అన్నీ క్షమించాను. ఇంతకీ దీంట్లో ఏం రాయాలి?"

నేను చెప్పాను. తాను ఫలానా సంవత్సరంలో ఫలానా ఇంట్లో వారిద్దరితో కలిసి నివసించినట్లు, పోలీసులు ఆ ఇంటి మీద పడిన రోజు అక్కడ ఉన్నట్లు, అప్పటినుంచి వారిని ఎరిగినట్లు ప్రమాణం చేయవలెను.

"ఆ రోజుదంతా ఎందుకండీ ఇందులో?"

"మ్యూజియంలో తమరు చెప్పినదే గదా. తమ పక్కటెముక విరిగినదని కూడా చెప్పినట్లు పత్రికలో చదివాను."

"అది వేరు. అది మాట్లాడటం. ఇది ప్రమాణం."

కుమారి క్రాట్స్‌మన్ గారు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చెప్పరా. ప్రమాణం చేసి చెప్పు. ఆ రోజు నీకు జలుబు చేసి మీ అమ్మ దగ్గర సూపు తాగుతున్నావ్. పక్కటెముక విరిగింది చీడగాడిది. వాడి ఎముకనే ముప్ఫయ్యేళ్ళుగా అందరికీ చూపిస్తున్నావ్."

ఆయన గడియారం చూచుకుని, ఇంకొకరితో పని ఉన్నదన్నారు. పువ్వులు మాత్రం తప్పక పంపుతానన్నారు. పంపారు కూడా. అవి మా వీధిలో ఒకరు పెంచే మేకకు ఉపయోగపడినవి. వారసత్వం, సమాజం, కుటుంబం అనే మాటలు ఆ గాజుగదిలో ఎంత సులభంగా దొర్లినవో, వాటి కింద సంతకం చేయవలసివచ్చినప్పుడు అంత సులభంగా కనుమరుగైనవి. దొంగను చూచాను, తాగుబోతును చూచాను, రైల్వేలో లంచగొండిని చూచాను. ఇంకొకరి విరిగిన ఎముకను తన ఒంటికి తగిలించుకుని తిరిగేవాణ్ణి అప్పుడే చూచాను.

ఇక మిగిలినది మొండిముక్కు, పాచి. ఒక శనివారం ఉదయం ముగ్గురూ నా వరండాకు వచ్చారు. టీ ఇచ్చాను. తోలుకోట్ల వాసనకు కిటికీలు తెరిచి ఉంచాను. ప్రమాణం చేసేవారు తమ పూర్తి పేరును పైకి చెప్పవలెనని వివరించాను.

పాచి టీకప్పు కింద పెట్టినది. "అందరి ముందా?"

"చట్టం ముందు."

"చట్టం ఎక్కడుంది?"

"ప్రస్తుతానికి, నేనే."

"అయితే చట్టం పాంటు జారిపోతోంది, సరిచేసుకోమనండి" అన్నది.  బెల్టు వదులైన మాట నిజమే.

మొండిముక్కు కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. "పెద్దాయనా, ఆ పేరు నా నోట్లోంచి వచ్చి యుగాలయింది. పోలీసోడు పన్ను ఊడగొట్టినా చెప్పలేదు. ఇప్పుడు టీ ఇచ్చారని చెప్పమంటారా?"

"అది ఇప్పుడు పోలీసుల కోసం కాదు."

"మాకు తెలుసు. కానీ అడగకూడదు గదా."

"వాళ్ళు అడగలేదు. నేను అడుగుతున్నాను."

వాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూచుకున్నారు. తరువాత జరిగినది ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను. ఆ ఇద్దరు స్త్రీలూ, అరవై ఏళ్ళు దాటినవారు, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలవలె గొంతెత్తి 'లా లా' అని పాడసాగారు. ఆ శబ్దం మధ్య మొండిముక్కు నా చెవిలో తన పేరు చెప్పాడు. నేను ప్రమాణపత్రంలో వ్రాశాను. వీధిలో పోతున్న ఒక పెద్దామె ఆగి చూచినది. వృద్ధాప్యంలో నాకు దక్కిన సహవాసం ఇది.

తరువాత కుమారి క్రాట్స్‌మన్ గారు దరఖాస్తుపై తన పేరు చెప్పవలెను. మొండిముక్కు, పాచి అలవాటుగా చెవులు మూసుకున్నారు. ఆమె లేచివెళ్ళి, మొండిముక్కు చేతులను చెవుల మీద నుంచి లాగివేశారు. పాచి తన చెవుల్లోని వేళ్ళను తానే తీసివేసినది.

"వినండి" అన్నారు.

"ఒసేయ్, అలా వద్దే."

"వినండి అంటున్నా గదా. మేం కింద గుమ్మం దగ్గర నిలబడ్డాం, వాడు పైన మూడో అంతస్తులో ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఎవరని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మన నియమం బాగానే పనిచేసింది, కాపాడాల్సినోణ్ణే దాచిపెట్టింది. రేపు ఆ మంచం మీద ఉండేది నువ్వో నేనో. వినండి. నోయెలీన్ జాయ్ క్రాట్స్‌మన్."

 మొండిముక్కు మెల్లగా అన్నాడు, "జాయ్‌యా?"

"నోర్ముయ్ రా."

"కాదే, జాయ్ అంటే ఆనందం కదా. నువ్వా?"

"నీది చెప్పు ముందు, చూద్దాం."

వాడు చెప్పాడు. ఈసారి అందరూ విన్నారు. దానిని ఇక్కడ వ్రాయుట లేదు. ప్రమాణపత్రంలో ఉన్నది, తమరు అక్కడ చూడవచ్చును. పాచి నవ్వలేక కడుపు పట్టుకుని మెట్ల మీదకు దొర్లినది. తరువాత తన పేరు తానే చెప్పుకున్నది, ఎవరూ అడగకుండానే, లేచి నిలబడి, బడిపిల్లవలె. నా ముద్ర సిరా కొంచెం అలుకుకున్నది. అది ఆ బల్లను వాళ్ళు నవ్వుతూ కుదుపుట వల్ల.

ఇక తమ ప్రశ్నకు వస్తున్నాను. ఏ సంబంధమని నేను కూడా ఆమెను అడిగాను, ఇది వ్రాయుటకు ముందు.

"వాడు గిటారు, నేను డ్రమ్ములు" అన్నారు.

"అది సంబంధం కాదు, కుమారి క్రాట్స్‌మన్ గారూ. దరఖాస్తులో దానికి గడి లేదు."

"వాడు తప్పు వాయిస్తే ఆ తప్పు కనిపించకుండా నేనూ తప్పు కొట్టేదాన్ని. నలభై ఆరేళ్ళు. మీ పెళ్ళిళ్ళలో ఇంతకంటే ఏం చేస్తారు?"

నా భార్య పోయి పంతొమ్మిది సంవత్సరాలయినది. 

ఆ జనం గురించి నా అభిప్రాయం మారలేదని స్పష్టం చేయుచున్నాను. ఆ సంగీతం సంగీతం కాదు. ఆ బట్టలు బట్టలు కావు. లోకాన్ని మార్చుతామని బయలుదేరి వాళ్ళు మార్చగలిగినది తమ జుట్టు రంగు మాత్రమే. ఒక తెలివితక్కువ ఆచారాన్ని పట్టుకుని వేలాడి ఒక మనిషిని ఒంటరిగా చావనిచ్చారు. ఇంత అనిన తరువాత ఇంకొకటి కూడా అనవలెను. ఆ దేహం కోసం వచ్చి నిలబడినది ఎవరు? చర్చిలో డ్యూటీ ఉన్న అన్న రాలేదు. మ్యూజియంలో కన్నీరు తుడుచుకున్నవాడు రాలేదు. వచ్చినది అరువు తుంటితో రొట్టెల ఫ్యాక్టరీ ఆవిడ, బస్సులు ఊడ్చేవాడు, తడిగోడకు ఆనుకుని కూర్చునే మనిషి. మర్యాదస్తులు చేయని పనిని వీళ్ళు చేయుటకు సిద్ధపడ్డారన్నది మర్యాదస్తులకు సిగ్గుచేటు. వీళ్ళను నేను మెచ్చుకొనుట లేదు. రాని ఆ ఇద్దరు మర్యాదస్తులను తిరస్కరిస్తున్నాను.

వాస్తవాలు ఇవి. శ్రీ డెస్మండ్ ప్లమ్‌రిడ్జ్ ఈమె ఇంటికింద ఉండేవాడు. అతనికి ఆమె వండి పెట్టేవారు. జ్వరం వస్తే చూచేవారు. అతని గిటారు ఇప్పటికీ అక్కడే ఉన్నది. ఎంత కాలం మాయమైనా తిరిగి అక్కడికే వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారి ఆ రోజంతా నాకు మనశ్శాంతి ఉండేది కాదు గనుక ఆ రాకలన్నిటికీ నేనే సాక్షిని. ఆదివారాలు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్నవి. ఆమె డ్రమ్ముల మీద దుప్పటి కప్పి ఉంచారు.

ఖననం సౌత్ బ్రిస్బేన్ శ్మశానంలో, పగటివేళ జరుపుతామని ఆమె చెప్పారు. శబ్దం ఉండదని నేను హామీ ఇవ్వలేను. ఉంటుంది. నగరపాలక సంస్థ అనుమతించిన గంటలు వారికి చదివి వినిపించాను. విన్నట్లే కనిపించారు. నేను కూడా హాజరవుతాను.

కావున, శ్రీ డెస్మండ్ ఆర్థర్ ప్లమ్‌రిడ్జ్ దేహాన్ని గుత్తేదారుకు అప్పగించు ఉత్తర్వును నిలుపుదల చేసి, జతపరచిన దరఖాస్తును, రెండు ప్రమాణపత్రాలను పరిశీలించి, మృతుని సొంత మనిషిగా కుమారి నోయెలీన్ జాయ్ క్రాట్స్‌మన్ గారిని గుర్తించి, ఖననం నిమిత్తం ఆ దేహాన్ని ఆమెకు అప్పగించవలసినదిగా, ఆమె తరఫున తమను సవినయంగా కోరుచున్నాను.